చంక గ్రంథుల నివేదిక కోసం నిరీక్షణ: అండమాన్‌లో దూరమే అసలు చిక్కు

రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగి, గాయం మానుతూ, డ్రెయిన్ గొట్టం తీసే వేళకు రోగి కుటుంబం అడిగే ప్రశ్న ఒక్కటే ఉంటుంది: చంకలోని బిళ్లలకు వ్యాధి పాకిందా, లేదా? శస్త్రవైద్యుని కంటికి, చేతికి ఆ సంగతి నిశ్చయంగా తెలియదు. తీసిన కణజాలాన్ని ఫార్మలిన్‌లో ఉంచి, మైనపు దిమ్మెగా మార్చి, పలుచని పొరలుగా కోసి, రంగులద్ది సూక్ష్మదర్శిని కింద పరిశీలించిన తర్వాతే సమాధానం వస్తుంది. అన్ని వసతులూ ఉన్న నగరంలోనే ఇందుకు సాధారణంగా వారం, పది రోజులు పడుతుంది. హార్మోన్ గ్రాహకాల పరీక్ష, హెర్-2 పరీక్ష అదనం. హెర్-2 ఫలితం ఎటూ తేలకపోతే ‘ఫిష్’ అనే మరో పరీక్ష చేయవలసి ఉంటుంది.

ఈ నివేదిక మీదనే తదుపరి చికిత్స చాలావరకు ఆధారపడుతుంది. చంకలో ఒకటి నుంచి మూడు గ్రంథులకు వ్యాధి సోకితే ఒక దశ, నాలుగు నుంచి తొమ్మిదింటికైతే మరొక దశ, పది లేదా అంతకు మించితే ఇంకొకటి. కీమోథెరపీ అవసరమా, రేడియేషన్ ఎంత మేరకు, శరీరమంతటికీ స్కాన్ తీయాలా అన్నవి ఆ అంకెను చూసి తేలుస్తారు.

అండమాన్ నికోబార్ దీవులలో ఈ నిరీక్షణకు సముద్రం తోడవుతుంది. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్ నుంచి చెన్నైకి గాని, విశాఖపట్నానికి గాని దాదాపు 1,200 కిలోమీటర్లు. ఓడలో సుమారు మూడు రోజుల ప్రయాణం. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభా 3.80 లక్షలు, వారిలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు వీరిలో చాలా ఉన్నాయి. దీవులలో జి.బి.పంత్ ఆసుపత్రియే ప్రధాన రెఫరల్ కేంద్రం. కాంప్‌బెల్ బే వంటి దక్షిణపు కొసన ఉన్నవారికి ఓడలో అక్కడికి చేరడానికే ఒక రోజుకు పైగా పడుతుంది. వానాకాలంలో సముద్రం పోటెత్తితే ఆ ఓడ కూడా నమ్మకం కాదు.

దూరం కాలాన్ని మాత్రమే కాదు, పరీక్ష నాణ్యతను కూడా తాకుతుంది. హార్మోన్ గ్రాహకాల పరీక్షకు కణజాలం ఫార్మలిన్‌లో కనీసం 6 గంటలు, గరిష్ఠంగా 72 గంటలు ఉండాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. సీసాలో వేసిన ముక్కను అలాగే ఓడ ఎక్కిస్తే ఆ గడువు సముద్రం మీదనే తీరిపోతుంది. అందువల్ల మైనపు దిమ్మె తయారీ దీవులలోనే జరగాలి. పరీక్ష ఎక్కడ జరిగినా ఫరవాలేదు.

స్కాన్ సంగతి మరింత క్లిష్టం. పెట్-సీటీకి వాడే ఫ్లోరిన్-18 అణుధార్మికత దాదాపు 110 నిమిషాలకు సగమవుతుంది. చెన్నై నుంచి విమానం దిగేసరికే సగానికి పైగా కరిగిపోయే ఔషధాన్ని దీవులకు తెప్పించడం కంటే రోగిని నగరానికి పంపడమే తేలిక. అయితే గ్రంథులలో వ్యాధి లేనివారికి, తొలిదశలో లక్షణాలేవీ లేనివారికి ఈ స్కాన్ సాధారణంగా అవసరం లేదు. ప్రతి రోగినీ ‘ఒకసారి తీయించుకుంటే మంచిది’ అంటూ విమానం ఎక్కించడం ఖర్చే గాని మేలు కాదు.

ఈ జాప్యం ప్రాణానికి ముప్పా? పది రోజులు, రెండు వారాల నిరీక్షణ వ్యాధి గతిని మార్చదు. మనసుకు మాత్రం అది చిన్న కాలం కాదు. శస్త్రచికిత్స తర్వాత కీమోథెరపీ మొదలుకావడం మూడు నెలలు దాటితే ఫలితాలు తగ్గుతున్నట్లు 2016లో వెలువడిన అమెరికా అధ్యయనం చూపింది. నివేదికకు నెల, రెఫరల్ కాగితాలకు నెల, టికెట్టుకు కొన్ని వారాలు అంటూ పోతే ఆ గడువు తెలియకుండానే గడిచిపోతుంది.

మరోవైపు, చంకను ఎంత తక్కువగా కోయాలన్న దిశలో వైద్యం సాగుతోంది. వ్యాధి ముందుగా చేరే ‘కాపలా’ గ్రంథులను మాత్రమే తీసి చూడడం ఇప్పుడు సాధారణమైంది. వాటిలో ఒకటి రెండింటికి వ్యాధి ఉన్నా, రొమ్మును నిలిపి రేడియేషన్ ఇచ్చే తొలిదశ రోగులలో మిగతావన్నీ తీయనక్కరలేదని 2011లో ప్రచురితమైన ‘జడ్-11’ అధ్యయనం తేల్చింది. రెండు సెంటీమీటర్లలోపు గడ్డ ఉండి, అల్ట్రాసౌండ్‌లో చంక నిర్మలంగా కనిపించిన 1,405 మందిపై జరిగిన ‘సౌండ్’ అధ్యయనం, 2023లో, ఆ కాపలా గ్రంథులను కూడా తీయకుండా ఉండవచ్చని చూపింది. చేతి వాపు బాధ దీనివల్ల తగ్గుతుంది. గ్రంథులన్నీ తీస్తే ఐదుగురిలో ఒకరికి ఆ వాపు వస్తుంది.

చెన్నైని దీవులతో కలిపే సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. దాదాపు 2,300 కిలోమీటర్ల ఆ తీగ వచ్చాక స్లైడు చిత్రాలను పంపి నిపుణుని అభిప్రాయం కోరడం సాంకేతికంగా కష్టం కాదు. 2025-26 కేంద్ర బడ్జెట్ మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రులలో క్యాన్సర్ డే కేర్ కేంద్రాలు నెలకొల్పుతామని ప్రకటించింది. కీమోథెరపీకి అది మేలే. కానీ ఏ మందు ఇవ్వాలో చెప్పే నివేదిక సకాలంలో రాకపోతే ఆ పడక ఖాళీగానే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించిన లక్ష్యాలలో రోగనిర్ధారణకు 60 రోజుల గడువు ఉంది. శస్త్రచికిత్స తర్వాతి నివేదికకు వాటిలో గడువేదీ లేదు.

చేతికి అందిన నివేదిక ఆంగ్లంలో ఉండడం మరో చిక్కు. ‘0/14’ అని ఉంటే పరీక్షించిన పద్నాలుగు గ్రంథులలో ఒక్కదానికీ వ్యాధి లేదని అర్థం. ‘నోడ్ పాజిటివ్’ అంటే వ్యాధి పాకినట్లు. అదే కాగితంలోని ‘ఈఆర్ పాజిటివ్’ మాత్రం హార్మోన్ మాత్రలు పనిచేసే అవకాశాన్ని చెప్పే మంచి సూచన. ఒకే మాట రెండు చోట్ల రెండు అర్థాలలో కనబడితే తల్లి నివేదికను ఫోనులో చదువుకునే కొడుకు బెంబేలెత్తడంలో వింత లేదు.

ఆసుపత్రి నుంచి పంపించే రోజునే నివేదిక వచ్చే తేదీని, మైనపు దిమ్మె ఎక్కడ భద్రపరుస్తారన్నదానిని కుటుంబ సభ్యులు అడిగి రాయించుకోవచ్చు. ఆ దిమ్మె మామూలు గది ఉష్ణోగ్రతలోనే ఏళ్ల తరబడి చెడకుండా ఉంటుంది. రెండో అభిప్రాయం కావలసి వస్తే రోగి కదలనక్కరలేదు, చిన్న పొట్లంగా కట్టి దానినే పంపవచ్చు.