సెమిస్టర్ ముగిసినా సప్లీ ముగియదు

పరీక్షలు కాగానే ఎల్‌ఎంఎస్‌లో, అంటే కాలేజీ ఆన్‌లైన్ పాఠాల వేదికలో, ఆ సబ్జెక్టు పేజీని ఆర్కైవ్‌లోకి నెట్టేయడం కాలేజీల్లో అలవాటు. సర్వర్ చూసుకునే వాళ్లకు బరువు తగ్గుతుంది. కానీ కర్నూలు, కడపల్లో బీటెక్ చదివే పిల్లల లెక్క సెమిస్టర్‌తో తెగదు.

ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీలు ఎక్కువగా జేఎన్‌టీయూ అనంతపురం అనుబంధంలోనివి. ఆ వర్సిటీలో నాలుగేళ్ల బీటెక్‌ను ఎనిమిదేళ్లలోగా పూర్తి చేసుకోవచ్చు. ఆ లోపు సిలబస్సే మారిపోతుంది. ఆర్‌19 అనే సిలబస్ వచ్చిన మరుసటేడే ఆర్‌20, ఆ తర్వాత ఆర్‌23 వచ్చాయి. ఆర్‌19లో సబ్జెక్టు తప్పినవాడు ఆర్‌19 సప్లీయే (సప్లిమెంటరీ పరీక్షే) రాయాలి. అప్పటికి ఆ సిలబస్‌తో పాఠం చెప్పే తరగతే ఉండదు. వాడు కూడా హాస్టల్ ఖాళీ చేసి ఆదోని పక్క పల్లెకో, బెంగళూరులో చిన్న కొలువుకో వెళ్లిపోయి ఉంటాడు. కాలేజీ లైబ్రరీ అందదు. మిగిలింది ఆ పాత పేజీ ఒక్కటే. ముందుగా మూతపడేదీ అదే.

నిజానికి ఎల్‌ఎంఎస్‌గా వాడే మూడిల్‌లో ముగింపు తేదీ దాటినంత మాత్రాన కోర్సు మూసుకుపోదు, గత కోర్సుల వరుసలోకి జరుగుతుందంతే. దాన్ని విద్యార్థులకు కనపడకుండా దాచినప్పుడో, ఎన్‌రోల్‌మెంట్ గడువు తీరినప్పుడో అడ్డు పడుతుంది. గూగుల్ క్లాస్‌రూమ్‌లో ఆర్కైవ్ చేసిన తరగతిని చదువుకోవచ్చు, కొత్తగా ఏదీ సమర్పించలేరు. అక్కడ గండం వేరే ఉంది. ఫైళ్లు లెక్చరర్ డ్రైవ్‌లో ఉంటాయి. కాంట్రాక్టు ముగిశాక వాటిని మరొకరికి మార్చకుండా ఆయన ఖాతా తీసేస్తే నోట్సూ పోతుంది.

పాత పేజీలు ఉంచితే చోటు చాలదన్న కాలేజీల భయం ఊరికే పుట్టలేదు. విద్యాసంస్థలకు హద్దులేని ఉచిత నిల్వ ఇచ్చిన గూగుల్, 2022 జులై నుంచి సంస్థ మొత్తానికి 100 టెరాబైట్లు అని గీత గీసింది. కానీ చోటు మింగేవి కోవిడ్ నాటి వీడియోలు. సప్లీకి కావలసినవి నోట్సు, యూనిట్‌వారీ ప్రశ్నలు, పాత మిడ్ పేపర్లు. ఒక సబ్జెక్టుకు చెందినవన్నీ కలిపినా ఒక గంట వీడియో అంత ఉండవు. వీటి విషయంలో ఆ సాకు చెల్లదు.

పేజీ తెరిచి ఉంచితే అసైన్‌మెంట్లు కాపీ కొడతారని అధ్యాపకుల అభ్యంతరం. కొంత న్యాయమే. అయితే ఆ జవాబులు సీనియర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎప్పటి నుంచో తిరుగుతున్నవే కదా! క్విజ్‌లు, సమాధానాలు దాచి, చదవాల్సినవి మాత్రం వదిలేయడం మూడిల్‌లో పెద్ద పనేం కాదు. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్ చేస్తున్నదీ అదే. పరీక్ష ముగుస్తుంది, పాఠాలు ఎవరైనా చూసేలా ఉండిపోతాయి.

అసలు లోపం మూసే తేదీ ఎవరు వేస్తున్నారన్న దాంట్లో ఉంది. ఏ బ్యాచ్‌కు ఎన్నాళ్లవరకు సప్లీ అవకాశం ఉందో పరీక్షల విభాగానికి తెలుసు. ఎల్‌ఎంఎస్ అడ్మిన్ మాత్రం అకడమిక్ క్యాలెండర్ చూసి మూసేస్తాడు. పరీక్షల విభాగం సంతకం లేకుండా ఏ పేజీనీ దాచకూడదని ప్రిన్సిపాల్ ఒక సర్క్యులర్ ఇవ్వాలి. వెళ్లిపోయే లెక్చరర్ నో డ్యూస్ ఫారంలో ఫైళ్ల అప్పగింతకూ ఒక గడి చేర్చాలి. రెండింటికీ పైసా ఖర్చు లేదు.