పూయని చెట్టుకు శిక్షా?

కాళిదాసు 'మాళవికాగ్నిమిత్రం'లో పూయని అశోక చెట్టొకటి ఉంది. అందగత్తె పాదం తగిలితే అశోకం పూస్తుందని ఆనాటి కవుల మాట. రాణి ధారిణి ఉయ్యాల మీంచి పడి కాలు నొప్పితో బాధపడుతుండటంతో ఆ పని మాళవికకు అప్పగిస్తుంది. చెట్టు విరగబూస్తుంది! ఇలా చెట్టును పూయించే ఉపాయాన్నే 'దోహదం' అన్నారు. మనం రోజూ వాడే 'దోహదపడటం' అక్కణ్నుంచి వచ్చిందే.

మన పెరట్లో పూయని చెట్టుకు మాత్రం గొడ్డలి వేటే గతి. 'సంపెంగ వేసి ఐదేళ్లయింది. ప్రహరీ దాటి పెరిగింది. ఒక్క మొగ్గా లేదు. కొట్టేద్దాం' అంటాడాయన. 'ఇంకో రెండేళ్లు చూద్దామండీ' అంటుందావిడ. న్యాయం ఆవిడ పక్షానే ఉంది!

వయసు రావాలి
మనుషుల్లాగే చెట్లకూ బాల్యం ఉంటుంది. ఆ దశలో ఎంత ఎరువు వేసినా ఆకులూ కొమ్మలే వస్తాయి తప్ప పూత రాదు. పూతను ఆపి ఉంచే మైక్రో ఆర్‌ఎన్‌ఏ 156 అనే పదార్థం లేత మొక్కల్లో ఎక్కువగా ఉంటుందనీ, వయసు పెరిగేకొద్దీ తగ్గుతుందనీ శాస్త్రవేత్తలు గుర్తించారు. కాబట్టి ఎత్తు చూసి చెట్టు ఎదిగిందనుకోకూడదు. గింజ నుంచి వచ్చిన సంపెంగ పూయడానికి ఎనిమిది నుంచి పదేళ్లు పట్టొచ్చు. తురాయి, రేల కూడా గింజతో పెంచితే ఐదారేళ్లు ఆగాల్సిందే. ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

అదే అంటు మొక్కయితే సంపెంగ రెండు మూడేళ్లకే పూస్తుంది. అంటు కట్టిన కొమ్మ అప్పటికే పూస్తున్న చెట్టుది. నాటింది నిన్నే అయినా దాని బాల్యం ఎప్పుడో ముగిసింది. అయితే ఓ చిక్కుంది. అంటు కింది నుంచి వచ్చే చిగుళ్లను వదిలేస్తే అవే ఏపుగా పెరిగి పై కొమ్మను అణిచేస్తాయి. చివరికి మిగిలేది గింజ మొక్కే! అందుకే వాటిని ఎప్పటికప్పుడు తుంచేయాలి.

వయసొచ్చినా పూయకపోతే...
* ఎండ: రోజుకు ఆరు గంటలైనా నేరుగా ఎండ తగలాలి. రెండు మేడల మధ్య సందులో నాటిన చెట్టు వెలుతురు కోసం పైకి సాగుతుందే తప్ప పూతకు రాదు.
* ఎరువు: యూరియాలో 46 శాతం నత్రజనే. అది ఎక్కువైతే ఆకు నిగనిగలాడుతుంది, పూత ఉండదు. పక్కనున్న పచ్చికకు చల్లిన యూరియా కూడా చెట్టు వేళ్లకు అందుతుందని మరవొద్దు. బాగా చివికిన పశువుల ఎరువు చాలు.
* కత్తిరింపు: తురాయి కొమ్మల చివర్లలో పూస్తుంది. కరెంటు తీగలకు తగులుతున్నాయని ఫిబ్రవరి, మార్చిల్లో కొమ్మలు కొట్టిస్తే ఆ ఏటి పూత పోయినట్టే. పూత అయిపోయాక కత్తిరించాలి.
* నీరు: తురాయి, రేల ఎండాకాలపు చెట్లు. బాగా వేళ్లూనుకున్నాక కూడా చలికాలమంతా నీళ్లు పెడుతుంటే పూత పలచబడుతుంది. సంపెంగ సంగతి వేరు. దానికి నేలలో తేమ ఉండాలి, నీరు నిలవకూడదు.

మేకులు వద్దు
పూయని చెట్టుకు మేకులు కొట్టడం, చుట్టూ బెరడు చెక్కడం కొన్నిచోట్ల చూస్తుంటాం. ఆ దెబ్బకు ఎప్పుడైనా నాలుగు పూలు కనిపించినా, గాయంలోంచి తెగుళ్లు చేరతాయి. బెరడు చుట్టూ తెగితే చెట్టే చచ్చిపోతుంది. పసి చెట్టుకైతే ఆ శిక్షకు అర్థమే లేదు.

గొడ్డలి తీసే ముందు రెండు విషయాలు గుర్తు తెచ్చుకోండి. అది గింజ మొక్కా, అంటు మొక్కా? నాటి ఎన్నేళ్లయింది? ఈసారి నర్సరీకి వెళ్లినప్పుడు ధర కంటే ముందు మొదటి ప్రశ్న అడగండి. కాండం మీద అంటు కట్టిన గుర్తు చూపించమనండి. నాటిన తేదీని క్యాలెండర్ వెనక కాకుండా ఏటా మారని పుస్తకంలో రాసుకోండి. చాలా చెట్లకు కావలసిన దోహదం ఇంకొన్నేళ్ల గడువే!