బొమ్మల సినిమాలో నాన్న చనిపోతే...

పిల్లల సినిమానే కదా అని టీవీ పెట్టి వంటింట్లోకి వెళ్తాం. కాసేపటికి వెక్కిళ్లు వినిపిస్తాయి. ఏమైందని చూస్తే ‘లయన్ కింగ్’లో ముఫాసా చనిపోయాడు! 1994లో వచ్చిన ఈ కథ 2019లో మళ్లీ వచ్చినప్పుడు తెలుగులో సింబాకి నాని గొంతిచ్చారు. 2024 డిసెంబరులో వచ్చిన ‘ముఫాసా’కి మహేష్‌బాబు. తెలిసిన గొంతుతో తెలుగులో మాట్లాడే సింహం పిల్లలకి ఇంటి మనిషే అయిపోతుంది మరి.

బొమ్మల సినిమాల్లో చావులు కొత్తేం కాదు. 1942 నాటి ‘బాంబి’లో లేడిపిల్ల తల్లి వేటగాడి తుపాకికి బలవుతుంది. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఓ పరిశీలనలో 45 బొమ్మల సినిమాలు లెక్కేస్తే, మూడింట రెండు వంతుల సినిమాల్లో ముఖ్యమైన పాత్ర ఎవరో ఒకరు చనిపోతున్నారని తేలింది. పెద్దల సినిమాల కన్నా వీటిలోనే అమ్మానాన్నల పాత్రలకి ముప్పు ఎక్కువట!

గోదావరిఖనిలో ఈ కన్నీళ్ల సంగతి ఇంకాస్త వేరు. ఇక్కడ ఎన్నో క్వార్టర్లలో నాన్న షిఫ్టు ప్రకారం ‘బాయికి’ పోతాడు. 2003 జూన్‌లో 7 ఎల్‌ఇపి గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది పోయారు. 2022 మార్చిలో అడ్రియాల గనిలో పైకప్పు కూలి ముగ్గురు. ఇవన్నీ మనం గుసగుసగా మాట్లాడుకుంటాం. పిల్లలు వినరనుకుంటాం గానీ, అన్నీ వింటారు. సింబా తండ్రి చెవి పట్టి లాగి లేపుతుంటే, వేరే ఊరి పిల్లాడికి అది అడవి కథ. ఇక్కడి పిల్లాడికి సెకండ్ షిఫ్టు నుంచి ఇంకా ఇల్లు చేరని నాన్న గుర్తొస్తాడు.

అప్పుడు మనమేం చేస్తాం? చానల్ మార్చేస్తాం. ‘మొగపిల్లాడివి, ఏడుస్తవా?’ అంటాం. దాంతో ఇది అడగకూడని మాట అని వాడికి అర్థమైపోతుంది. ‘అమ్మా, నాయినకు గూడ గట్లనే అయితదా?’ అన్న ప్రశ్న కడుపులోనే ఉండిపోతుంది. అడిగితే మాత్రం ‘ఎప్పటికీ ఏం కాదు’ అనకండి, బొగ్గుబాయి ఊళ్లో ఆ మాట పిల్లలు కూడా నమ్మరు. టోపీ, లైటు ఎందుకో, సర్దార్ పైకప్పు తట్టి ఎందుకు చూస్తాడో చెప్పండి. నాన్నే సెలవు రోజున కూర్చోబెట్టి చెబితే మరీ మంచిది.

ఆ సినిమాలో చావుకన్నా నాకు భయమేసేది తర్వాతి మాట. తప్పంతా నీదేనని బాబాయి స్కార్ సింబాని నమ్మిస్తాడు. చిన్నపిల్లలు మామూలుగానే తమ కోపం వల్లే చెడు జరిగిందనుకుంటారు. పొద్దున నాన్న మీద అలిగిన పిల్లకి ఇది సూటిగా తగులుతుంది. అక్కడ సినిమా ఆపి, సింబా తప్పేం లేదని చెప్పాలి.

నిజంగానే తండ్రిని పోగొట్టుకున్న పిల్లల్ని ఈ సినిమా చూడమని బలవంతపెట్టొద్దు, చూస్తామంటే ఆపొద్దు. ‘నాన్న నిద్రపోయాడు’, ‘ఊరెళ్లాడు’ అని మాత్రం చెప్పకండి. నిద్రంటేనే, ఊరంటేనే హడలిపోతారు. డిపెండెంటు ఉద్యోగం తల్లికే వస్తే ఆమె కూడా అదే కంపెనీకి డ్యూటీకి వెళ్తుంది. పిల్ల సినిమా మధ్యలో లేచి వాకిట్లో నిలబడితే మొండితనం అనుకోకండి. గడియారంలో ముల్లు చూపించి, ఇక్కడికొచ్చేసరికి వస్తానని చెప్పి వెళ్లండి. ఆలస్యమైతే పక్కింటికి ఫోన్ చేసి కబురు చెప్పండి.