బండి వేడెక్కితే గ్యారేజీ కంటే ముందు మనమే చూడాలె

కొంచెం పెద్ద పోస్టు, పాత బండి ఉన్నోళ్లు పూర్తిగా చదవండి.

పోయిన జూలైలో మా రూమ్ బండి హీట్ ముల్లు ఎర్ర గీత దాకా పోయింది. 2006 మోడల్, నలుగురం కలిసి కొన్నది. షార్జా నుంచి దుబాయ్ డ్యూటీకి మాకు అదే దిక్కు. సనయ్యలో ఒక గ్యారేజీకి తీసుకపోతే పది నిమిషాలు చూసి, "హెడ్ గ్యాస్కెట్ పోయింది, 1,800 దిర్హమ్‌లు అయితది" అన్నడు. ఆ నెల ఇంటికి పంపే పైసలు ఆపుడే అనుకున్నం.

రాత్రి పడుకుంటే ఒకటే ఆలోచన. రోడ్డు మీద స్పీడ్‌గా పోతుంటే ముల్లు సగంలనే ఉంటది. ట్రాఫిక్‌ల ఆగితేనే పైకి పోతది. ఎందుకు? తెల్లారి బానెట్ లేపి, ఏసీ వేసి చూసిన. రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతనే లేదు. రిలే కాలిపోయింది. కొత్తది 35 దిర్హమ్‌లు.

గ్యారేజీ ఆయన మోసగాడు అని నేను అనను. మేము చెప్పింది "బండి హీట్ అయితుంది" అన్న ఒక్క మాటనే. డాక్టర్ దగ్గరికి పోయి "బాగలేదు" అని ఊకున్నట్టు. ఆయన అంచనా వేసిండు. అంచనా ఆయనది, పైసలు మనవి. తప్పు సగం మనదే.

అందుకే పోకముందు ఇవి చూసుకోండి. ఆగినప్పుడే వేడెక్కితే ముందు ఫ్యాన్, దాని ఫ్యూజు, రిలే చూడాలె. స్పీడ్‌ల, ఎత్తు మీద వేడెక్కితే కూలెంట్ తగ్గిందేమో, రేడియేటర్ పూడుకపోయిందేమో, వాటర్ పంపు బాగుందో లేదో చూపించాలె. ఇంజన్ వేడైనంక కూడా రేడియేటర్ కింది పైపు చల్లగనే ఉంటే థర్మోస్టాట్ మీద అనుమానం. లీకు కనపడకుండ కూలెంట్ తగ్గుతూ, సైలెన్సర్‌ల తెల్ల పొగ ఆగకుండ వస్తే, ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన చాయ్ లెక్క అయితే, అప్పుడు గ్యాస్కెట్ మాట నమ్మొచ్చు.

"ఇక్కడ మంచు పడదు కదా, నల్లా నీళ్లు చాలు" అంటరు మనోళ్లు. అది తప్పు. కూలెంట్ మంచు కోసమే కాదు. ఉత్త నీళ్ల కంటే ఎక్కువ వేడికి మరుగుతది, లోపల తుప్పు పట్టనీయదు.

"12 గంటల డ్యూటీ చేసి ఇవన్నీ ఎవరు చూస్తరన్నా?" అన్నడు మా రూమ్ తమ్ముడు. నాకు పట్టింది పావుగంట. 1,800 సంపాదించడానికి ఎన్ని రోజులు పడ్తదో నువ్వే లెక్క వేసుకో అన్న.

ఒక్కటి మాత్రం మరువకండి. ముల్లు ఎర్రకు పోతే ఏసీ బంద్ చేసి, పక్కకు ఆపి, ఇంజన్ ఆపేయండి. వేడి మీద రేడియేటర్ మూత అస్సలు తియ్యొద్దు. లోపల ప్రెషర్ ఉంటది, మరిగే నీళ్లు మొహం మీదికి కొడ్తయి. డ్యూటీకి లేటయితే ఒక రోజు జీతం పోతది, అంతే. కండ్లు పోతే ఇంటికాడ మన మీద ఆశ పెట్టుకున్నోళ్లు ఏం కావాలె?