తాతకు కంప్యూటర్ చదివిపెట్టాలంటే

పోయిన నెల పాత కంప్యూటర్లో లైనక్స్ ఎట్ల ఎక్కించుకోవాలో రాసిన. ఆ తరువాత వచ్చిన ఉత్తరాల్లో ఒకటి షోలాపూర్ పూర్వభాగ్ నుంచి. రాసింది కాలేజీ చదివే పిల్ల. వాళ్ళ తాత మిల్లుల జాబర్‌గా చేసి రిటైరైన మనిషి. షుగర్ వల్ల రెండు కండ్ల చూపు పోయింది. "పింఛన్ జమైందా లేదా అన్న బ్యాంకు మెయిల్ కూడ ఇంకొకరు చదివి చెప్పాలె. తాతకు అది సుతారం నచ్చదు. ఇంట్ల ఉబుంటు వేసిన కంప్యూటర్ ఉన్నది. రిపేర్ చేసేటాయన లైనక్స్ మాట్లాడదు, కొత్తది కొనుక్కోండి అంటున్నడు" అని రాసింది.

కొనొద్దు బిడ్డా. అది మాట్లాడుతది. కీబోర్డు మీద విండోస్ గుర్తున్న కీ, ఆల్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కు. ఉబుంటులో ఓర్కా అనే స్క్రీన్ రీడర్ మొదటి నుంచే ఉంటది, దాన్ని లేపే తాళంచెవి ఇదే. పాస్‌వర్డ్ అడిగే తెర మీద కూడ ఇదే నొక్కాలె. ఈ సంగతి చాలామంది మరుస్తరు. లోపల అంతా సరిచేసి పెట్టి, పాస్‌వర్డ్ మాత్రం మనుమరాలు కొట్టాల్సి వస్తే తాతకు ఏం ఒరిగినట్టు?

నొక్కినా గొంతు రాకపోతే ఏం చెయ్యాలె? ఇక్కడ కొంచెం నిదానంగ చదవండి. మాట్లాడే పని ఒక్కరిది కాదు, ముగ్గురిది. తెర మీద ఏమున్నదో చూసేది ఓర్కా. ఆ మాటను మోసుకపోయేది స్పీచ్ డిస్పాచర్. నోరు తెరిచి పలికేది ఈస్పీక్ ఎన్‌జి. మగ్గం ఆగితే ముందు మోటరా, పట్టానా, దారమా అని చూస్తం గదా, అట్లనే వెనుక నుంచి ఒక్కొక్కటి చూసుకుంట రావాలె.

ముందు స్పీకర్ల నుంచి పాటేదన్నా వస్తుందా చూడు. వస్తే టెర్మినల్ తెరిచి ఇంగ్లీషు అక్షరాల్లో ఎస్, పి, డి, అడ్డగీత, ఎస్, ఏ, వై అని కొట్టి, చోటు వదిలి, హలో అని రాసి ఎంటర్ నొక్కు. పలికితే కింది ఇద్దరూ బాగున్నరు, తప్పు ఓర్కా సెట్టింగుల్లో ఉన్నది. పలకకపోతే ఈస్పీక్‌నే నేరుగా అడుగు: ఈ, ఎస్, పి, ఈ, ఏ, కె, అడ్డగీత, ఎన్, జి. చోటు వదిలి అడ్డగీత, వి. మళ్ళ చోటు వదిలి టి, ఈ. చివర కొటేషన్ గుర్తుల మధ్య నమస్కారం అని తెలుగులో. టి, ఈ అంటే తెలుగు అని దానికి గుర్తు. అసలు అట్లాంటి ఆజ్ఞే లేదంటే, పోయిన నెల చెప్పుకున్న ఆప్ట్ ఇన్‌స్టాల్‌తో ఈస్పీక్ ఎన్‌జిని తెచ్చుకో, కొద్ది నిమిషాల పని. నేరుగా పలికి, డిస్పాచర్ ద్వారా పలకకపోతే నడిమి మనిషి దగ్గర తప్పున్నది. స్పీచ్ డిస్పాచర్ ఈస్పీక్ ఎన్‌జి అని మాటమాటకూ నడుమ అడ్డగీతతో ఒక ప్యాకేజీ ఉంటది, అది ఎక్కించి, లాగౌటై మళ్ళ లోపలికి రా. ఈ పరీక్షలు మీ సొంత లాగిన్‌లోనే చెయ్యాలె, ముందు సుడో పెట్టొద్దు. శబ్దం మీ లాగిన్‌కు కట్టి ఉంటది, సుడోతో అడిగితే బాగున్నది కూడ మూగగ కనిపిస్తది.

గొంతు వచ్చినంక ఇన్సర్ట్, స్పేస్ కలిపి నొక్కితే ఓర్కా సెట్టింగులు తెరుచుకుంటయి. ల్యాప్‌టాప్ పద్ధతి పెట్టుకుంటే ఇన్సర్ట్ బదులు క్యాప్స్ లాక్. గొంతు పేజీలో తెలుగు ఎంచు. మీ ఇంటికి మరాఠీ కాయితాలు కూడ వస్తయి గనుక మరాఠీకి ఒకటి, ఇంగ్లీషుకు ఒకటి వేరే ప్రొఫైల్ చేసిపెట్టు. ఒక భాష గొంతుకు ఇంకో భాష ఇస్తే అర్థంకాని గోల అయితది.

ఇంక ఆ గొంతు సంగతి. వినంగనే ఇంట్ల అందరు నవ్వుతరు, "డబ్బాలకెల్లి మాట్లాడుతున్నది" అంటరు. నిజమే. ఈస్పీక్‌లో మనిషి గొంతు రికార్డు చేసి పెట్టింది కాదు, ధ్వనిని లెక్కగట్టి పుట్టిస్తది. అందుకే చిన్నగ ఉంటది, పాత మిషన్ మీద కూడ తడుముకోదు, వేగం పెంచినా అక్షరం చెదరదు. మామూలుగ నిమిషానికి 175 మాటలు చదువుతది. తాతకు మొదట్ల తగ్గించి పెట్టు. అయితే ఆ వేగం ఎంతుండాల్నో తాతనే చెప్పాలె, చూపున్నోళ్ళు కాదు. బయటోనికి మగ్గాల చప్పుడంతా ఒక్కటే మోత, ఆయనకు అండ్ల ఏ మగ్గం తేడాగ కొడుతుందో తెలిసేది. ఆ చెవికి ఈ డబ్బా గొంతు ఎక్కువ రోజులు పట్టదు. ఇన్సర్ట్, హెచ్ నొక్కితే నేర్చుకునే పద్ధతి మొదలైతది: ఏ కీ నొక్కినా దాని పేరే చెప్తది, ఏదీ చెడిపోదు. ఎస్కేప్ కొడితే బయటికి. మొదటి వారం ఇదొక్కటే చేయించు, మెయిల్ తరువాత.

ఇంట్ల విండోస్ కంప్యూటర్ ఉన్నోళ్ళు దాన్ని తీసేసి లైనక్స్ వెయ్యాల్సిన పని లేదు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ అండ్ల ఉచితంగ వస్తది. దాని లోపల కూడ ఇదే ఈస్పీక్ ఉన్నది.

ఒక్క ఇబ్బంది మాత్రం మిగులుతది. ఫోటో తీసి పంపిన కాయితాన్ని ఓర్కా చదవలేదు, అండ్ల అక్షరాలుండవు, బొమ్మే ఉంటది. బొమ్మలకెల్లి అక్షరాలు తీసే టెసరాక్ట్ గురించి వచ్చే నెల రాస్త. అను ఫాంట్ల కూర్చిన తెలుగు కూడ అంతే, చూపుకు తెలుగు, కంప్యూటర్‌కు మాత్రం అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు. మన పత్రికను కూర్చేది కూడ అను ఫాంట్లనే. సంపాదకులతో మాట్లాడిన. ఈ నెల నుంచి యూనికోడ్‌లో మార్చిన ప్రతి ఒకటి తయారు చేస్తమన్నరు. కావల్సినోళ్ళు చందా నంబరు రాసి ఒక కార్డు వెయ్యండి, మెయిల్‌కు పంపుతరు. షోలాపూర్ తాతకు మొదటి ప్రతి ఇదివరకే పోయింది.