గద్ద రెక్కలో ఎర్రరాయి

పిల్లలూ! నారాయణఖేడ్ దగ్గరి బోరంచలో, మంజీరా ఒడ్డున నిలబడి పైకి చూస్తే, గిరికీలు కొట్టే గద్ద కనిపిస్తుంది. దాని నీడ పడితే చాలు, కోడి తన పిల్లలను రెక్కల కింద దాచుకుంటుంది. కోడికి భయం పుట్టించే ఆ పక్షి అంటే వెనకటివారికి ఎంత యిష్టమో వినండి.

6వ శతాబ్దంలో స్పెయిన్ దేశంలో విసిగోతులనే జాతివారు గరుడపక్షి ఆకారంలో నగలు చేయించుకున్నారు. అవి పైబట్టను భుజాల దగ్గర పట్టివుంచే పిన్నీసుల వంటివి. అలాంటి జత ఒకటి నేడు అమెరికాలో, బాల్టిమోర్ నగరంలోని వాల్టర్స్ మ్యూజియంలో వున్నది. ఒక్కొక్కటీ సుమారు 14 సెంటీమీటర్ల పొడవు. కంచుమీద బంగారు రేకు తాపడం చేసి, చిన్నచిన్న గళ్లు కట్టి, వాటిలో గార్నెట్ అనే ఎర్రరాళ్లు పొదిగారు.

ఆ కాలంలో యూరప్ నగలకెక్కిన గార్నెట్లు చాలావరకు మన దేశంనుంచీ, శ్రీలంకనుంచీ వెళ్లినవే. ఆ సంగతి ఎలా తెలిసిందంటారా? రాయి పుట్టేటప్పుడే దాని కడుపులో వేరే ఖనిజాల నలుసులు చిక్కుకుంటాయి. వేలిముద్రనుబట్టి మనిషిని పట్టుకున్నట్టే, ఆ నలుసులనుబట్టీ, రాతిలోని రసాయనాలనుబట్టీ అది పుట్టిన చోటు పట్టవచ్చు. తూర్పు రోమను సామ్రాజ్యం నాటి ఒక చెక్కడపు గార్నెట్ మన కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేటలో పుట్టిందని 2018లో శాస్త్రజ్ఞులు ఇలాగే తేల్చారు!

మరి మన గరుడుడో? 8వ శతాబ్దం నడిమినుంచి 10వ శతాబ్దం వరకు ఈ ప్రాంతాన్ని ఏలిన రాష్ట్రకూటులకు గరుడుడే రాజముద్ర. వారి రాజధాని మాన్యఖేటం. అదే నేటి కర్ణాటకలోని మల్ఖేడ్. రాజు భూమి దానం చేస్తే, ఆ శాసనాన్ని రాగిరేకులమీద చెక్కేవారు. రేకులకు బెజ్జం వేసి, కడియం దూర్చి, దాని కొసలను గరుడముద్రతో అతికేవారు. ముద్ర పగలగొట్టకుండా ఎవరూ రేకు మార్చలేరు. పొలానికి గరుడుడే కాపలా అన్నమాట!

కాని ఆ గరుడుడికి కాపలా ఎవరు? నాగటిచాలులో దొరికిన రాగిరేకును పాతరాగి కింద అమ్మేస్తే, కొలిమిలో ఒక ఊరి చరిత్రే కరిగిపోతుంది. అలాంటిది కనిపిస్తే తోమకండి, వంచకండి. మీ మాష్టారికి చెప్పి, పురావస్తు శాఖకు కబురు చేయించండి. అప్పుడు గద్దను రెక్కల కింద దాచి కాపాడిన కోడి మీరే అవుతారు!