దొర పెట్టిన చుక్కలు

నెల్లూరు జిల్లాలో ఏ ఊరి రచ్చబండ దగ్గరైనా కూర్చోండి. "మాది చుక్కల భూమి సామీ" అని ఒక రైతు అన్నాడంటే ఇక అతని కష్టం వేరే చెప్పనక్కర్లేదు. తాత దున్నాడు, తండ్రి దున్నాడు, ఇప్పుడు తాను దున్నుతున్నాడు. శిస్తు రసీదులున్నాయి. బోరు మోటారు కరెంటు సర్వీసు తన పేరు మీదే ఉంది. అదే పొలం చూపించి సొసైటీలో అప్పు తెచ్చాడు, తీర్చాడు. కూతురి పెళ్లికి ఎకరం అమ్ముదామని సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్తే, సర్వే నంబరు కంప్యూటర్లో కొట్టి చూసి, "ఇది 22-ఎ నిషేధ జాబితాలో ఉందయ్యా, రిజిస్టరు కాదు" అంటారు. ఏం నేరం చేసిందా భూమి? తెల్లదొరల కాలంలో రాసిన పుస్తకంలో, పట్టాదారు పేరుండాల్సిన చోట పేరు లేదు, చుక్కలున్నాయి. నేరం అదే.

ఆ పుస్తకం రీసెటిల్మెంట్ రిజిస్టరు. రెవెన్యూవాళ్ల నోట ఆర్ఎస్ఆర్. ఊరికొకటి. తెరిచి ఎడమ పక్క నుంచి చదువుకుంటూ రండి: సర్వే నంబరు, పాత నంబరు, సర్కారుదా ఇనామా, మెట్టా మాగాణా, నేల రకం, తరం, ఎకరాకి రేటు, విస్తీర్ణం ఎన్ని సెంట్లు, శిస్తు ఎన్ని రూపాయలు, ఎన్ని అణాలు. అన్నీ అక్షరం తప్పకుండా నిండి ఉంటాయి. అలా వెళ్లి వెళ్లి పదహారో గడికి వస్తారు. పట్టా నంబరు, పట్టాదారు పేరు రాయాల్సిన గడి అది. కొన్ని నంబర్ల ఎదురుగా సెటిల్మెంటు గుమాస్తా అక్కడ నాలుగు చుక్కలు పెట్టి కింది వరుసలోకి దిగిపోయాడు. అణా తేడా రానివ్వని కలం మనిషి పేరు దగ్గర మాత్రం ఆగలేదు. ఎందుకు ఆగాలి? ఆ పుస్తకం రాయించింది భూమి ఎవరిదో తేల్చడానికి కాదు, ఏ భూమి మీద ఎంత పిండుకోవచ్చో తేల్చడానికి.

చుక్కలెందుకు పడ్డాయో వెతికితే కారణాలకు కొదవ లేదు. సర్వే రోజున రైతు ఊళ్లో లేకపోయి ఉండొచ్చు. అన్నదమ్ముల వాటాలు తెగక ఎవరి పేరు రాయాలో తెలియక వదిలేసి ఉండొచ్చు. పేరు రాయించుకుంటే శిస్తు మీద పడుతుందని రైతే తప్పుకుని ఉండొచ్చు. 1876-78 కరువు రాయలసీమను ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టిన సంగతి మరిచిపోకండి. చచ్చినవాళ్లు చావగా, మిగిలినవాళ్లు పొట్ట చేతబట్టుకుని పోయారు. శిస్తు బకాయిలకు 1864 రెవెన్యూ రికవరీ చట్టం కింద పొలాలు వేలం వేస్తే, పాడేవాడు లేక సర్కారే నామమాత్రపు ధరకు కొనుక్కున్న రోజులవి. కాబట్టి చుక్కలున్న నంబర్లలో కొన్ని నిజంగానే సర్కారువి అయి ఉండొచ్చు, కాదనను. కానీ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. సర్కారు భూమి అని రాయాలనుకున్నప్పుడు ఆ గుమాస్తాకి మాటలు కరువయ్యాయా? అదే పుస్తకంలో పోరంబోకు అని రాశాడు, బంజరు అని రాశాడు, అనాధీనం అని రాశాడు. ఈ మాటలన్నీ చేతిలో ఉన్నవాడు చుక్కలు పెట్టాడంటే తనకు తెలియదని అర్థం. తెల్లవాడి గుమాస్తా తనకు తెలియదని ఒప్పుకున్నదాన్ని మన స్వతంత్ర ప్రభుత్వం తనకు దఖలు పడిందని చదువుకుంటోంది.

ఈ చదువు ఎక్కడ నేర్చుకున్నారంటే, 1905 మద్రాసు భూ ఆక్రమణ చట్టంలో. దాని రెండో సెక్షను చదవండి. రోడ్లు, ఏర్లు, చెరువులు మొదలుపెట్టి, జమీందారుకో ఇనాందారుకో రైత్వారీ పట్టాదారుకో మరెవరికో చెందిందని తేలినది తప్ప మిగతా భూమంతా సర్కారుదేనని అందులో రాసుకున్నారు. సముద్రం దాటి వచ్చినవాడు, ఈ నేల మీద ఎవరిదని తేలనిదంతా తనదేనని ఒక్క వాక్యంతో తేల్చేశాడు. దున్నేవాడు తనదని చూపించుకోవాలి. చూపించలేకపోతే బి-మెమో అనే నోటీసిచ్చి, జరిమానా వేసి, వెళ్లగొట్టొచ్చు. ఇక కోర్టుకెళ్లి ఇన్నేళ్ల అనుభవం నాదని వాదిస్తే? పక్క రైతు మీదైతే 12 ఏళ్ల అనుభవం చాలు. సర్కారు మీదైతే 1908 కాలపరిమితి చట్టంలో 60 ఏళ్లు. స్వరాజ్యం వచ్చాక 1963లో దాన్ని 30కి తగ్గించి మురిసిపోయాం. 1905 చట్టాన్ని మాత్రం కదపలేదు.

కడుపు మండే సంగతి ఇంకొకటుంది. రైతు అదే రెవెన్యూ పుస్తకంలో తన పేరు చూపించి "ఈ భూమి నాది" అంటే ఏమంటారో తెలుసా? రెవెన్యూ రికార్డు శిస్తు వసూలు కోసం రాసింది, అందులో పేరున్నంత మాత్రాన హక్కు రాదు అంటారు. అడంగల్ చూపించినా, పట్టా చూపించినా అదే మాట. న్యాయశాస్త్రం అదే చెబుతుంది, సరే. మరి పేరుంటే హక్కు ఇవ్వలేని పుస్తకం, పేరు లేకపోతే సర్కారుకి హక్కు ఎలా ఇస్తుంది? అక్షరానికి లేని బలం చుక్కకు ఎక్కడిది?

1982లోనే తుమ్మల కృష్ణారావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: హక్కు మీద నిజమైన తగాదా ఉన్నప్పుడు 1905 చట్టం పట్టుకుని రైతును ఉన్నపళంగా గెంటేయకూడదు, సర్కారే సివిల్ కోర్టుకెళ్లి తన హక్కు తేల్చుకోవాలి అని. ఆ కేసు మన ఆంధ్రప్రదేశ్‌దే. అప్పటి మన ప్రభుత్వమే ఓడిపోయింది. ఓడినవాళ్లు నేర్చుకున్న పాఠమేమిటంటే, గెంటేయడం కుదరకపోతే రిజిస్ట్రేషన్ ఆపేయొచ్చని. 1908 రిజిస్ట్రేషన్ చట్టం తెల్లవాళ్లదే అయినా, అమ్మేవాడికి హక్కుందా లేదా అని విచారించే పని రిజిస్ట్రారుకి అప్పగించలేదు. దానికి 22-ఎ సెక్షను అతికించింది మనవాళ్లు. 2016లో చుక్కల భూముల్ని ఆ నిషేధ జాబితాలో పడేశారు. నోటీసు లేదు, విచారణ లేదు. పొలం గట్టు మీద రైతు అలాగే ఉన్నాడు, పొలం మాత్రం అమ్ముడుపోలేదు, తాకట్టుకి పనికిరాలేదు, కూతురికి రాసివ్వడానికీ వీల్లేకపోయింది.

గోల లేచాక 2017లో చుక్కల భూముల చట్టం తెచ్చారు. 12 ఏళ్ల అనుభవం కాగితాలతో చూపిస్తే జిల్లా కమిటీ పరిశీలించి పేరు ఎక్కిస్తుందట. మళ్లీ చూపించాల్సింది రైతే! ఊళ్లో ఏ చుక్క వెనక ఏ కుటుంబముందో నోటితో చెప్పగలిగిన కరణాల వ్యవస్థను 1984లో రద్దు చేశారు. ఆ రద్దును నేను తప్పుపట్టను, ఆ కరణాల్లో చాలామంది ఊళ్లను ఏలినవాళ్లే. కానీ వాళ్ల దగ్గరున్న లెక్కలు ఎన్ని ఆఫీసుకి చేరాయి, ఎన్ని అటకల మీద చెదలు పట్టాయి? రికార్డు కాపాడాల్సినవాడు పోగొట్టుకుని, ఆ రికార్డు తెమ్మని రైతును తాసీల్దారు ఆఫీసు చుట్టూ తిప్పడం ఏ ధర్మం?

2023లో ఇంకో విడ్డూరం. కావలి సభలో అప్పటి ముఖ్యమంత్రి 2,06,171 ఎకరాల చుక్కల భూముల్ని నిషేధ జాబితా నుంచి తీసేశామని, 97,471 కుటుంబాలకు మేలు చేశామని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. నేను చప్పట్లు కొట్టలేదు. అవి సర్కారు భూములే అయితే రెండు లక్షల ఎకరాలు ఏ హక్కుతో వదిలేశారు? సర్కారువి కాకపోతే ఏడేళ్లు ఆ కుటుంబాలను ఏ హక్కుతో కట్టిపడేశారు? చేర్చింది ఒక పార్టీ, తీసింది ఇంకో పార్టీ. ఆ ఏడేళ్లలో వైద్యానికి పొలం అమ్ముకోలేక వడ్డీవ్యాపారి కాళ్ల మీద పడ్డవాడికి ఎవరూ క్షమాపణ చెప్పలేదు.

చుక్కల భూముల్ని వదిలేస్తే కబ్జాకోరులు మింగేస్తారని ఆఫీసర్లు భయపెడతారు. కబ్జాకోరుకి ప్లీడరు ఉన్నాడు, పైరవీ ఉంది, రికార్డు గదిలో మనిషి ఉన్నాడు. అతన్ని ఈ జాబితా ఎన్నడూ ఆపలేదు. ఆగిపోయింది మూడెకరాల మెట్ట రైతే.

2020 డిసెంబరులో అప్పటి కృష్ణా జిల్లా తక్కెళ్లపాడులో మొదలైన రీసర్వేలో డ్రోన్లు ఎగిరాయి, రోవర్లు వచ్చాయి. హద్దు సెంటీమీటర్లతో కొలుస్తున్నారు. చాలా మంచిది. ఆ హద్దు లోపల ఎవరున్నారని అడిగితే మాత్రం మళ్లీ ఆర్ఎస్ఆర్ పదహారో గడి తిరగేస్తారు!

చేయాల్సింది పెద్ద విద్యేమీ కాదు. 1905 చట్టం రెండో సెక్షనులోని ఆ దొరతనపు ఊహను తీసెయ్యాలి. చుక్క ఉన్న ప్రతి నంబరుకీ, అది తనదని నిరూపించే భారం సర్కారు నెత్తిన పెట్టాలి. గడువు పెట్టి, ఆ లోపు సివిల్ కోర్టుకెళ్లి ఆధారం చూపించకపోతే అనుభవదారు పేరు ఆ గడిలో ఎక్కించాలి. రైతు దరఖాస్తు పెట్టుకోవాల్సిన అవసరమే ఉండకూడదు.

అది జరిగేదాకా, చదువుతున్న మీరు ఒక పని చేయండి. మీ ఊరి నిషేధ జాబితాలో మీ సర్వే నంబరు ఉందేమో ఈ వారమే చూసుకోండి. ఉంటే ఆర్ఎస్ఆర్ నకలు సంతకం, ముద్రలతో తీసుకోండి. మీ శిస్తు రసీదులు, అడంగల్ నకళ్లు, పాత దస్తావేజులు ఒక చోట పెట్టుకోండి. ఆ తర్వాత కలెక్టరుకి సమాచార హక్కు కింద ఒకే ఒక్క ప్రశ్న రాయండి: ఈ భూమి ప్రభుత్వానిదని చెప్పడానికి ఆ చుక్కలు తప్ప మీ దగ్గర ఇంకేం కాగితముంది?